ఎర్ర బోరింగు మీద ఎనుము

దాహం ఎరిగి నీళ్లనిచ్చే దేవునికి స్తోత్రం. ఆయన నడిపించకపోతే రంగు డబ్బాలు మోసుకుని నేను ఓర్వకల్లు దాకా వెళ్లేవాణ్ణి కాను.

కడపలో మా సంఘం సండే స్కూలు పిల్లలకు నేను బైబిలు కథల బొమ్మలు గీసి చూపిస్తుంటాను. 2005 వేసవిలో రత్నమ్మ ఫోన్ చేసింది. మా సంఘంలోనే పెరిగిన పిల్ల, ఓర్వకల్లు అవతల ఒక పల్లెలో టీచరు. "అన్నా, మా ఊళ్లో ఒక బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. తాగొద్దంటే ఎవరూ వినరు. నువ్వొచ్చి బొమ్మ గీసి చెప్పు" అంది.

శనివారం ఉదయం ఆరింటికి కర్నూలు బస్సెక్కాను. నంద్యాలలో ఇడ్లీ తిని వచ్చేసరికి నా పక్కన మహానంది నుంచి తిరిగొస్తున్న బట్టల కొట్టాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కోనేటి నీళ్ల సీసా.

"యాడికప్పా, సినిమా బోర్డులు రాసేకా?" అన్నాడు నా డబ్బాలు చూసి. సంగతి చెప్పాను. "తియ్యగా ఉంటే మంచి నీళ్లే గదప్పా. ఇంకేం జూస్తారు?" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. బైబిలు కథలో మారా అనే చోట నీళ్లు చేదు కాబట్టి అవి తాగరానివని జనానికి వెంటనే తెలిసింది. నాలుకకే తెలియని నీళ్లను ఎవరు కాదంటారు?

ఓర్వకల్లులో దిగి, రాళ్లగుట్టల మధ్య ఆటోలో పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. రత్నమ్మ నన్ను నేరుగా ఆ బోరింగు దగ్గరికి తీసుకెళ్లింది. ప్రమాదమని తెలియడానికి ఎవరో దానికి ఎర్ర రంగు పూసి వెళ్లారట. ఆ ఎరుపు మీద ఊరివాళ్లు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేశారు!

సుంకమ్మ అనే ఆమె బిందె నింపుతోంది. చంకలో ఏడాది నిండని బిడ్డ. పక్కనున్న పెద్దకూతురు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు.

"రంగు ఎందుకేసినారనుకుంటివి సుంకమ్మా?" అంది రత్నమ్మ.

"అమ్మోరి బోరింగని ఏసినారు గదా టీచరమ్మా. నీళ్లు గూడా శానా తియ్యగుండాయి. బడికాడి బోరింగువి ఉప్పన."

"ఆ ఉప్పన నీళ్లే మంచివని పరీక్షలో తేలింది. పెద్దదాని పళ్లు ఇంక మారవు. చిన్నదాన్నన్నా కాపాడుకో."

"ఈ ఊరోళ్లందరి పళ్లూ అంతే గదమ్మా!" అని సుంకమ్మ నవ్వింది గానీ, చంకలో బిడ్డ నోటివంక ఒకసారి చూసుకుంది.

నేను పుర్రె బొమ్మ గీద్దామనుకుని వచ్చాను. దాని నమూనా గీసి తెచ్చిన కాగితం చూడగానే సుంకమ్మ అత్త మండిపడింది. "ఏమప్పా, అమ్మోరి ఎదురుగ్గా పుర్రె గీస్తావా?"

కుంకుమ తుడిచేద్దామని గుడ్డ తీశాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను. వాళ్ల భక్తిని తుడిచి నేనెవరి చేతా మంచి నీళ్లు తాగించలేను.

అంతలో ఒకాయన గేదెను తోలుకొచ్చి బోరింగు కింద నిలబెట్టాడు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా ఒక్కసారిగా అతని మీదికి లేచారు. "తాగే నీళ్లకాడ ఎనుమును కడుగుతాండావే, సిగ్గుండాదా నీకు?"

పుర్రె అక్కర్లేదు, ఈ గేదె చాలని రత్నమ్మకూ నాకూ ఒకేసారి తట్టింది.

బోరింగు వెనక గోడ మీద గేదెను కడుగుతున్న బొమ్మ మొదలుపెట్టాను. "ఇది ఎనుమా, మేకనా? కొమ్ములు పెంచప్పా" అంది అత్త. పెంచాను. గీస్తున్నంతసేపూ రత్నమ్మ చెప్పింది: ఫ్లోరైడు భూమి లోపలి రాళ్లలోంచి నీళ్లలో కలుస్తుంది, కాచినా పోదు, స్నానానికీ బట్టలకూ ఫరవాలేదు, తాగడానికీ వంటకూ మాత్రం పనికిరాదు. తర్వాత బడి గోడ మీద బిందె, నీళ్లు తాగుతున్న తెల్లపళ్ల పాప బొమ్మ వేశాను.

పొద్దు వాలేసరికి అత్త ఎర్ర బోరింగు నుంచి దండ తీసింది. "ఎనుములు కడిగేకాడ అమ్మోరు యాడుంటాది? బడికాడికి పోదాం పా."

దండ బడి బోరింగుకు వేశారు. సుంకమ్మ బిందె అక్కడే నింపి, దోసిట్లో నీళ్లు పట్టి బిడ్డ నోటికి అందించింది. బిడ్డ మొహం చిట్లించింది. అయినా మింగింది.

చీకటి పడ్డాక ఓర్వకల్లులో కడప బస్సు దొరికింది. గోళ్లలో నల్లరంగు అలాగే ఉంది. గేదె బొమ్మ ఒక వానకు వెలిసిపోవచ్చు. ఆ ఉప్పన రుచికి సుంకమ్మ ఇంట్లో నాలుకలు అలవాటు పడేదాకా నిలిస్తే చాలు.

చదివే మీరూ నాతో కలిసి అడగండి: తండ్రీ, ఆ చిన్నదానికి రాబోయే పళ్లు తెల్లగా రానివ్వు. ఆమేన్.