నేరమంతా మిరపకాయలదే

నా చిన్నప్పుడు మిరపకోతలు మొదలయ్యాయంటే మా ఊళ్లో ఎవరి కళ్లు చూసినా ఎర్రగానే ఉండేవి. గురజాల పక్కన పల్లె మాది. కళ్లంలో కాయలు ఆరబోసి, తాలుకాయలు ఏరి, మంచివి గోతాల్లోకి తొక్కేదాకా ఇంటిల్లిపాదికీ తుమ్ములే తుమ్ములు. ఆ ఘాటులో అందరితో పాటు మా బాబాయి కళ్లు కూడా ఎర్రబడితే ఎవరు పట్టించుకుంటారు?

మా నాన్నకి తమ్ముడాయన. పిల్లలందరికీ ఆయనంటే ప్రాణం. పొలానికి పోతూ పోతూ మమ్మల్ని ఎడ్లబండి మీద పక్కూరి బడి దగ్గర దింపేవాడు. దారిపొడుగునా మమ్మల్ని నవ్విస్తూనే ఉండేవాడు. ఆ ఏడు మాత్రం మాట తగ్గింది. కళ్లం దగ్గర కాపలా నేనే పడుకుంటానని పట్టుబట్టాడు. పిల్లాడికి బాధ్యత తెలిసొచ్చిందని మా తాతయ్య మురిసిపోయాడు.

కాయలు లారీకెక్కి గుంటూరు పోయాయి. కళ్లం ఊడ్చారు, ఇల్లు కడిగారు. అందరి కళ్లూ తెల్లబడ్డాయి, బాబాయివి తప్ప. అదేంటని మా అమ్మని అడిగితే "దుమ్ము పడుంటదిలేవే, నీకెందుకు?" అని కసిరింది. అప్పటిదాకా మిరపకాయల మీద వేసిన నేరం ఇక దుమ్ము మీద వేశాం.

మా నాయనమ్మ మాత్రం ఇంకోటి గమనించింది. పొగలు కక్కే టీ గటగటా తాగేసే మనిషి, ఈ మధ్య గ్లాసు చేతికిస్తే తీసుకోవడం లేదు. "అక్కడ పెట్టమ్మా, గొడ్లని చూసొస్తా" అంటాడు. కాసేపటికి వచ్చి, చల్లారి మీగడ కట్టిన టీ ఒక్క గుక్కలో తాగుతాడు. వెళ్లేటప్పుడు వణికే చేతులు వచ్చేటప్పటికి కుదురుగా ఉంటున్నాయి. నాయనమ్మ కొన్నాళ్లు ఏమీ అనకుండా చూసింది.

ఒకరోజు పొద్దున్నే అందరినీ వసారాలోకి పిలిచింది. గ్లాసు నిండా టీ పోసి బాబాయి చేతికిచ్చి, "నా ముందు తాగు" అంది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా సగం టీ పంచె మీదే ఒలికింది.

"రాత్రి నిద్ర లేదత్తయ్యా, నీరసంగా ఉండాడు" అంది మా పిన్ని గబగబా.

నాయనమ్మ కోప్పడలేదు. గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. "ఏం చూశారో చెప్పండి. ఎందుకయిందో మాత్రం నాకు చెప్పమాకండి" అంది మా అందరితో.

అలా చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పొద్దున్నే వాంతులవుతున్నాయంది పిన్ని. పైత్యం అనబోయి మింగేసింది. నీళ్లు కట్టేటప్పుడు గట్టు మీదే నిద్రపోయాడని, మడి తెగిందని చెప్పాడు మా నాన్న. చిన్న మాటకే కంచం విసిరేశాడని తాతయ్య అన్నాడు. ఎవరికి వాళ్లు ఒక్కొక్కటి చూసి, దానికి తగ్గ సాకు వెతుక్కుని ఊరుకున్నాం. అన్నీ ఒకచోట చేరేసరికి వసారాలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారు.

చివరికి నా వంతు వచ్చింది. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. బాబాయి నా వైపే చూస్తున్నాడు. చెప్పకూడదనే అనుకున్నాను, కానీ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"సారా కొట్టు దగ్గరికి రాంగానే ఎడ్లు వాటంతటవే ఆగిపోతన్నయ్ నాయనమ్మా" అన్నాను.

మరోరోజైతే ఇల్లంతా పగలబడి నవ్వేవాళ్లు. ఆ రోజు మాత్రం మా అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. రోజూ ఆ బండి మీద కాలవ గట్టు వెంట పోయే పిల్లలం మేము.

తాతయ్య ఎడ్లని అదిలించే ములుగర్ర అందుకున్నాడు. వీణ్ణి గదిలో పడేసి గొళ్లెం పెడితే నాలుగు రోజుల్లో దారికొస్తాడని కేకలేశాడు. నాయనమ్మ అడ్డం నిలబడింది. "మా అన్నకీ అట్నే పెట్టారు గొళ్లెం. ఉన్నట్టుండి మానిపిస్తే వణికి వణికి, ఫిట్సొచ్చి ఆ గదిలోనే పోయాడు. నా కొడుకుని నేను డాక్టరు దగ్గరికి తీసుకుపోతన్నా" అంది. తన అన్న ఎలా పోయాడో అంతకు ముందు ఆవిడ మాలో ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ నరసరావుపేట బస్సెక్కారు.

బాబాయి ఆసుపత్రిలో కొన్నాళ్లుండి తేరుకుని వచ్చాడు. మరుసటి ఏడు మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ బస్సు, మళ్లీ ఆసుపత్రి. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత మానేశాడు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. నిరుడు చూడటానికి వెళితే ఆ మాట ఆయనే ఎత్తాడు. "మీరంతా వరసబెట్టి చెప్తంటే తల కొట్టేసినట్టయింది గానీ, హమ్మయ్య అని కూడా అనిపించిందే అమ్మాయ్. అప్పటికే దాయలేక చచ్చిపోతన్నా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వసారాలో కూర్చున్న ఆ రోజు నుంచీ నాకొక అలవాటు. మనవాళ్ల గురించి ఎవరూ అడక్కుండానే మన నోటికి సాకు వచ్చిందంటే అక్కడ ఆగి చూడాలి. ఇందుకు మా ఇంట్లో నాకు అనుమానపు మనిషని పేరు పడింది. పడితే పడనీ.

మొన్న హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఆయనకి ఈ మధ్య ఆఫీసులో టెన్షన్ ఎక్కువమ్మా" అంది. నేను అల్లుడి ఊసే ఎత్తలేదు.

"టెన్షన్ సంగతి తర్వాత. నువ్వేం చూశావో చెప్పు" అన్నాను.

 తను వెక్కుతూ చెప్పడం మొదలుపెట్టింది. ఫోను చెవికి ఆనించుకుని వింటూనే నేను సంచిలో బట్టలు సర్దుకున్నాను.