కలవని సంతకం

మనవరాలికి ఊహ తెలిసేనాటికే తాతయ్య బ్యాంకు నుంచి రిటైరైపోయాడు. అయినా ఆయన ఉద్యోగం గురించి ఆ పిల్లకు తెలియని సంగతి లేదు. అంతా నాయనమ్మ చెప్పిందే. చెక్కుల మీద సంతకాలు సరిచూడటం ఆయన పని. ముప్ఫై నాలుగేళ్లు అదే పని. ఖాతాదారు మొదట్లో సంతకం చేసిచ్చిన కార్డు పక్కన పెట్టుకుని చూసేవాడు. కలిస్తే లోపలికి, కలవకపోతే వెనక్కి. తోటి ఉద్యోగులు ఆయనకు ‘భూతద్దం’ అని పేరు పెట్టారు.

“మీ తాతయ్యకి మొహాలు గుర్తుండవే తల్లీ,” అనేది నాయనమ్మ. “వీధిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేస్తారు. పేరు చెప్పగానే మాత్రం ‘ఓహో, సంతకం తోక కిందికి లాగేది మీరే కదూ!’ అంటారు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా సంతకం పెట్టి చూపించమంటారేమోనని హడలి చచ్చాను.”

నాయనమ్మ పోయాక ఆ కబుర్లు చెప్పేవాళ్లు లేకపోయారు. తాతయ్య అసలే మితభాషి. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్తే చీకటిపడ్డాక వచ్చేవాళ్లు. మూడున్నరకు మనవరాలు కాలేజీ నుంచి వచ్చేదాకా ఇంట్లో ఆయనా, గోడగడియారమూ.

డెబ్భై ఐదో ఏట పక్షవాతం వచ్చింది. మూతీ కాలూ సర్దుకున్నాయి గానీ కుడిచెయ్యి మాట వినడం మానేసింది. రెండు నెలలయ్యాక, మనవరాలిని తోడు తీసుకుని, తాను రిటైరైన బ్రాంచికే పింఛను కోసం వెళ్లాడు. కౌంటర్లో అమ్మాయి కొత్తది. చెక్కునీ కంప్యూటర్‌నీ మార్చి మార్చి చూసింది.

“సంతకం కలవడం లేదండీ,” అంది నొచ్చుకుంటూ.

మనవరాలికి ఒళ్లు మండింది. “మా తాతయ్య ఎవరో తెలుసా మీకు? ఇదే బ్యాంకులో...”

“ఊరుకో అమ్మలూ.” తాతయ్య ఆపాడు. “ఆ అమ్మాయి సరిగ్గానే చూసింది. నేనైనా వెనక్కే పంపేవాణ్ణి.”

“వేలిముద్ర వెయ్యొచ్చు సార్. ఫారం ఇస్తాను.”

“తర్వాత చూద్దాంలేమ్మా,” అని బయటికొచ్చేశాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా కుర్చీలో కూలబడ్డాడు. మనవరాలు ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

“ఒక మేష్టారు ఉండేవారమ్మా,” అన్నాడు. “వయసు మీద పడి చెయ్యి వణికేది. మూడుసార్లు చెక్కు వెనక్కిచ్చాను. వేలిముద్ర వెయ్యండి అన్నాను. ‘నలభై ఏళ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించినవాణ్ణి, నన్ను వేలిముద్ర వెయ్యమంటావా నాయనా’ అన్నారు. రూలండీ అన్నాను. నాలుగోసారి రాలేదు.”

“తర్వాత ఏమయ్యారు?”

“నేను కనుక్కోలేదు.” గ్లాసు కింద పెట్టాడు. “మొహం గుర్తులేదు. సంతకం గుర్తుంది. వణికినా అది ఆయనదే. ఆయనదేనని నాకప్పుడే తెలుసు.”

మర్నాటి నుంచి ఎడమచేత్తో సంతకం చేసే అభ్యాసం మొదలైంది. మనవరాలి పాత నోటుపుస్తకం, భోజనాలబల్లకు చెరోవైపూ ఇద్దరు.

“తాతయ్యా, మళ్లీ కొమ్ము వంకరపోయింది!”

“చిత్తం పంతులమ్మగారూ.”

ఆ నాలుగు నెలల్లో ఆయన మాట్లాడినంత, ఆ పిల్ల పుట్టిన పదిహేడేళ్లలో ఎన్నడూ మాట్లాడలేదు. చివరికి ఒకరోజు వెళ్లి బ్యాంకులో కొత్త సంతకం ఇచ్చాడు. ఆయన ఎవరో ఎవరైనా చెప్పారేమో, కౌంటర్ అమ్మాయి లేచి నిలబడి ఫారం అందుకుంది.

చదువు ముగిశాక మనవరాలికి వేరే ఊళ్లో, రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఆమె చేరిన మూడో నెలలో తాతయ్య మధ్యాహ్నం పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. మనవరాలు ఇంటికెళ్లి నాలుగు రోజులుండి తిరిగొచ్చింది.

“ఎవరు పోయారు?” అని ల్యాబులో అడిగారు.

“మా తాతయ్య.”

“వయసెంత?”

“డెబ్భై తొమ్మిది.”

“నిండు జీవితమేలే.”

అంతే, ఎవరు అడిగినా మాట అక్కడితో తెగిపోయేది. వాళ్లదీ తప్పు కాదు. ఓదార్చడానికే అనేవాళ్లు. అయినా వయసు చెప్పిన ప్రతిసారీ, ఆయన గురించి చెప్పాలనుకున్నది చెప్పకుండానే మిగిలిపోయేది. చివరికి ఎవరికీ చెప్పడం మానేసింది.

ఒక ఆదివారం, తాను అద్దెకున్న ఇంటి మెట్ల దగ్గర, కింది వాటాలో ఉండే ఇంటావిడ ఎదురైంది. “ఏమ్మా, అలా ఉన్నావేం?”

“మా తాతయ్య పోయారండీ. నెలయింది.”

“అయ్యో. ఏం చేసేవారు?”

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మనవరాలు గబగబా అందుకుంది. “బ్యాంకులోనండీ. సంతకాలు చూసేవారు. ఒకసారి ఏమైందంటే...”

“ఉండమ్మా, పాలు పొంగుతున్నట్టున్నాయి,” అంటూ ఆవిడ లోపలికి పరుగెత్తింది.

మనవరాలు అక్కడే నిలబడింది. లోపల పొయ్యి ఆపిన చప్పుడు, తర్వాత గిన్నెలు కడుగుతున్న చప్పుడు. ఆవిడ మళ్లీ వస్తుందేమోనని కాసేపు చూసి, పైకెళ్లి గది తలుపు తీసుకుంది.