రాజ పక్కన నక్షత్రం

జగిత్యాలలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో ఒకసారి, కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో కూర్చుని పేర్లు వెతికే సి ప్రోగ్రాం ఒకటి రాసుకుంటున్నాను. పేజీ పైన "రాజ", దాని పక్కన నక్షత్రం గుర్తు. కింద, పరీక్షించడానికి కొన్ని పేర్లు: రాజయ్య, రాజేశం, రాజమల్లు. పక్క సీటు ముసలాయన తొంగిచూశాడు.

"గా సుక్క ఏంది కొడుకా?"

"రాజ తర్వాత ఏమున్నా సరే, దొరుకుతది తాతా. నా పేరు రాజేశం, నేను గూడ దొరుకుత."

"గట్లయితె జిల్లల సగం మంది దొరుకుతరు," అని నవ్వాడు. మావైపు వేములవాడ రాజన్నకు మొక్కి కన్న పిల్లలందరికీ ఆ పేరే పెడతారు.

రుద్రంగి దాటాక పోలీసులు బస్సు ఆపారు. ఎస్సై చేతిలో చీటీ ఉంది. "నక్సలైట్లకు అన్నం వెట్టెటోడు ఒకడు గీ బస్సుల ఉన్నడు. పేరు రాజ అని మొదలైతది. గసొంటి పేరున్నోళ్లంత దిగుండ్రి," అన్నాడు. నా ఒళ్లో పుస్తకం చూసి ఆగాడు. "గీ నక్షత్రమేంది? ఎవలియి గీ పేర్లు?"

ముసలాయన పుస్తకం తన చేతిలోకి తీసుకున్నాడు.

"రాజన్న గుడిల కోడెను గట్టే మొక్కులున్నోళ్లయి సారూ. నేనే రాపిచ్చుకున్న. గీడు నా మనుమడు, మల్లేశం."

"నీ పేరు?"

"రాజయ్య."

ఆయన్ను దింపుకుని బస్సును పొమ్మన్నారు.

ఏడాదిపాటు జీపు చప్పుడైతే చాలు, పెరటి గోడ దూకేవాణ్ణి. ఏ జీపూ మా ఇంటికి రాలేదు. ఆయన్ను ఏం చేశారో తెలియదు. రాజయ్య అన్నది ఆయన సొంత పేరో, నా పేజీలోని మొదటి పేరో, అదీ తెలియదు.