గంట కొట్టే ఆవిడ ఏమైంది?

"సార్ పోయారు" అని పదో తరగతి వాట్సాప్ గ్రూపులో రెండే మాటలు. ఘాజియాబాద్ నుంచి సాకేత్‌లోని ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ చూశాను. ఏ సార్ అని ఎవరూ అడగలేదు. మా గ్రూపులో సార్ అంటే ఒక్కరే. కాసేపటికి ఒకరు హిందీలో, ఇంకొకరు ఇంగ్లీషులో సంతాపం రాశారు. ఆ వెంటనే ఎవరో "తెలుగులో రాయండ్రా, సార్ చూస్తే ఊరుకోరు" అని పెట్టారు. అది చదివాక నాకు ఏడుపు ఆగలేదు. పక్క సీటులో ఉన్నావిడ "క్యా హువా దీదీ?" అంటూ తన మంచినీళ్ల సీసా నా చేతికిచ్చింది.

నేను పుట్టింది గుంటూరులోనే అయినా పెరిగిందంతా జనక్‌పురిలో. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. చదివింది ఢిల్లీలో తెలుగువాళ్ల కోసం నడిచే ఒక బడిలో. పేరుకు తెలుగు బడేగానీ, మేము పోట్లాడుకునేది హిందీలో, మార్కులు తెచ్చుకునేది ఇంగ్లీషులో. తెలుగు ఇంట్లో అమ్మ తిట్టినప్పుడు అర్థం చేసుకోవడానికి పనికొచ్చే భాష. అలాంటి పదో తరగతికి సోషల్, తెలుగు రెండూ చెప్పడానికి కరీంనగర్ నుంచి వచ్చిన సార్ దొరికారు.

ఆయన రోజూ వచ్చీరాగానే నల్లబల్ల మధ్యలో పైనుంచి కిందికి ఒక గీత గీసేవారు. ఎడమవైపు "ప్రపంచం", కుడివైపు "సినిమా". స్కేలు వాడరు కాబట్టి గీత ఎప్పుడూ కిందికి వచ్చేసరికి కుడికి ఒరిగేది. సినిమాకు చోటు తగ్గిపోయిందని మేము గోల చేసేవాళ్లం. "లోకం పెద్దది బిడ్డా, జర సర్దుకోవాలె" అనేవారు. "జర" తెలుగు కాదు కదా సార్ అంటే, అది మా ఇంటి మాట, దాని జోలికి రావద్దు అనేవారు.

ఆ ఏడాది లోకం కుదురుగా ఉన్నది లేదు. ఒకచోట ప్రభుత్వం కూలింది, ఇంకోచోట రెండు దేశాలు సరిహద్దు దగ్గర కొట్టుకున్నాయి, ఎక్కడో ఓడ మునిగింది. పొద్దున్నే రేడియోలో విన్నది ఆయన ఎడమవైపు రెండు వాక్యాల్లో రాసేవారు. తర్వాత మమ్మల్ని ఒకటే అడిగేవారు. "ఆ ఊర్లె ఇయ్యాల ఎవరింట్ల పొయ్యి వెలగలేదు?" మొదట్లో నవ్వుకునేవాళ్లం. తర్వాత తర్వాత నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాం. ఇప్పటికీ ఫోన్లో ఏదైనా యుద్ధం వార్త చూస్తే నాకు మ్యాపు కనిపించదు, ఎవరిదో చల్లారిన పొయ్యి కనిపిస్తుంది.

కుడివైపు సోమవారాలే నిండేది. అప్పట్లో ఢిల్లీలో తెలుగు సినిమా అంటే అప్పుడప్పుడూ ఆదివారం పొద్దున ఒక హాల్లో వేసే ఒక్క ఆట. పోతే పోయినట్టే, మళ్లీ దొరకదు. సార్ మాత్రం ఎప్పుడూ వెళ్లేవారు కాదు. ఆదివారం పొద్దున ఆయన ఇంటి నిండా సివిల్స్‌కు చదువుకునే పిల్లలు ఉండేవారు. అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఉండి చదివే వాళ్లకు ఆ పరీక్షలోని తెలుగు పేపరు చెప్పేవారు. అందుకని సోమవారం మేమే ఆయనకు సినిమా చెప్పాలి. మధ్యలో ఒక్క హిందీ ముక్క దొర్లితే క్లాసంతా "ఆగు!" అని అరుస్తుంది, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ముగింపు ముందు ఆగి మంచినీళ్లు తాగడం అన్నిటికంటే పెద్ద నేరం. "అందరి పాణం అక్కడుంటే నీకు దాహమా?" అనేవారు.

నా తెలుగు అందరికంటే అధ్వానం. అందుకే ఆయన కథ చెప్పే పని నాకే అంటగట్టారు. నేను మనసులో హిందీలో అనుకుని, దాన్ని తెలుగులోకి మోసుకొచ్చేసరికి హీరో ఫైటు మధ్యలో చెయ్యి పైకెత్తి అలాగే నిలబడి ఉండేవాడు. ఒక్కో కథకు పదిహేనుసార్లు "ఆగు!" పడేది. ఇంటికెళ్లి ఏడ్చిన రోజులున్నాయి.

ఆ చలికాలంలో ఒక ఆదివారం పెద్ద సినిమా వస్తోందని అందరూ చెప్పుకున్నారు. పొద్దున్నే చూస్తే కిటికీ అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు. మా క్లాసులో ఎవరూ ఇంట్లోంచి కదల్లేదు. నాన్న స్కూటర్ మీద తీసుకెళ్తానన్నారుగానీ, ఆ పొగమంచులోనే ఫరీదాబాద్ నుంచి బాబాయి వాళ్లు చెప్పాపెట్టకుండా దిగారు. నాకు ఉల్లిపాయలు తరగడంతోనే సరిపోయింది.

సోమవారం సార్ అడిగారు. "ఏం బిడ్డా, సినిమా చూసినవా?"

చూడలేదని చెప్పొచ్చు. కానీ క్లాసంతా నా వైపే చూస్తోంది. "చూశాను సార్" అనేశాను.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. ఎడమవైపు బల్ల మీద ఆ రోజు వార్త ఉంది, ఏదో దూరదేశంలో కొండ ఊళ్లో భూకంపం. దాన్నే పట్టుకున్నాను. హీరోను లారీ డ్రైవర్ను చేశాను. హీరోయిన్ కొండ మీది బడిలో పంతులమ్మ. భూమి కదలగానే ఆవిడ పరుగున వెళ్లి బడి గంట కొడుతుంది. ఆ చప్పుడుకు ఊరంతా బయటికొస్తుంది. హీరో రాళ్లు తప్పించుకుంటూ గంట చప్పుడు పట్టుకుని కొండెక్కుతాడు. తీరా వెళ్లేసరికి గంట మోగుతూనే ఉంది, కొట్టే మనిషి లేదు.

క్లాసు నోరు తెరుచుకుని ఉండిపోయింది. వెనక బెంచీలోంచి ఒకడు మాత్రం "ఫైట్లు లేవా? ఫ్లాపే" అన్నాడు.

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరి గంట కొట్టే ఆవిడ ఏమైంది?"

అంతవరకూ ఆలోచించలేదు. "చూపించలేదు సార్. అక్కడే అయిపోయింది."

"అచ్ఛా" అన్నారు సార్.

అంతే! "ఆగండి!" అని క్లాసంతా లేచి నిలబడింది. ఆయన పెద్దగా నవ్వి, తప్పు ఒప్పుకుని, "అట్లనా" అని సరిదిద్దుకున్నారు. ఆ సందడిలో నేను బతికి బయటపడ్డాననుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత ఆ సినిమాను ఫోన్లో చూశాను. ఇద్దరు హీరోయిన్లు, ఆరు ఫైట్లు, ఒక పెళ్లి పందిరి. కొండా లేదు, గంటా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఈసారి సార్ దగ్గరికి వెళ్లినప్పుడు నిజం చెప్పేయాలనుకున్నాను. వెళ్లాను కూడా. పెళ్లి కార్డు ఇవ్వడానికి, పాపను చూపించడానికి, పోయిన చలికాలంలో ఊరికే. వెళ్లిన ప్రతిసారీ ఆయనే అడిగేవారు. "గంట కొట్టే ఆవిడ ఏమైందో ఇప్పటికన్న తెలిసిందా?" "సినిమా తీసినవాళ్లను అడగాలి సార్" అని నవ్వేసేదాన్ని. పెద్దవారైపోయారు, అడిగిందే అడుగుతున్నారు అనుకునేదాన్ని. నిజం చెప్పడం వచ్చేసారికి వాయిదా పడేది. వచ్చేసారి అనేది ఇక లేదని మెట్రోలో తెలిసింది.

మూడోరోజు జనక్‌పురిలోని సార్ ఇంటికి వెళ్లాను. ఆంటీ, అంటే సార్ భార్య, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ చేతులు పట్టుకోగానే నా నోట్లోంచి అదే వచ్చింది. "ఆంటీ, నేను సార్‌కు ఒక అబద్ధం చెప్పాను. ఆ సినిమా నేను చూడలేదు."

ఆవిడ నా ముఖంలోకి చూసి చిన్నగా నవ్వారు.

"ఆ దినం అసలు బొమ్మనే పడలేదు బిడ్డా. రీలు పెట్టె వచ్చే రైలు పొగమంచుల ఆగిపోయిందట. క్లాసు ఎగ్గొట్టి సినిమాకు పోయిన సివిల్స్ పిల్లలు పదకొండింటికి వాపస్ వచ్చి, బొమ్మ పడలేదు సార్ అని తలలు వంచుకుని కూసున్నరు. నేనే చాయ్ పోసిన."

ఆదివారం పదకొండు గంటలకే ఆయనకు తెలుసు. తెలిసే సోమవారం అడిగారు.

"మరి ఎందుకు ఆపలేదు ఆంటీ?"

"నేనూ మీ సార్‌ను అదే అడిగిన. ఎట్ల ఆపుతనే, ఆ పొల్ల ఒక్క హిందీ ముక్క లేకుండ చెప్పింది, ఏడాదిల మొదటిసారి, అన్నరు. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిన్రో! ముగింపు ఆ పిల్లనే చెప్పాలె, నాకు తెల్వదు అనేటోళ్లు."

అప్పుడు అర్థమైంది. పాతికేళ్లుగా ఆయన అడిగింది సినిమా గురించి కాదు. కథ నాదని ఆయనకు తెలుసు, నాకే తెలియలేదు. ఒక్కసారి కూర్చుని జవాబు చెప్పి ఉంటే ఎంత సంతోషించేవారో. ఆ సంతోషం నేను చూడలేకపోయాను. ఇది నాకు జీవితాంతం ఉండిపోయే దిగులు.

"ఇంతకూ ఏమైందమ్మా ఆమె?" అన్నారు ఆంటీ.

నాకు గొంతు ఎండిపోయింది. పక్కనే మంచినీళ్ల గ్లాసుంది. ముట్టుకోలేదు.

"గంట తాడు తీసుకెళ్లి బడి తలుపుకు కట్టింది ఆంటీ. గాలికి తలుపు ఊగినప్పుడల్లా గంట మోగుతుంది. ఆవిడ లోపల చిక్కుకున్న పిల్లల కోసం వెళ్లింది. హీరో పైకొచ్చి తాడు దగ్గర ఎవరూ లేకపోవడం చూసి కూలబడ్డాడు. అప్పుడు వెనకనుంచి ఆవిడే, చంకలో ఒక పిల్లను వేసుకుని, మిగతా పిల్లలను వెంటపెట్టుకుని, ఏంటయ్యా అలా కూర్చున్నావు, వీళ్లను దించు అంది."

ఆంటీ కొంగుతో కళ్లు తుడుచుకుని, లేచి నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లారు. గోడకు చిన్న నల్లబల్ల ఉంది. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున రాసేవారట. ఎడమవైపు ఎక్కడో వరదల గురించి రెండు వాక్యాలు, సార్ చేతిరాత. ఎవరూ తుడవలేదు. కుడివైపు "సినిమా" అని మాత్రం ఉంది, దాని కింద ఖాళీ.

ఆంటీ సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "గంట కొట్టే ఆవిడ బతికే ఉంది" అని రాశాను.

రాసి వెనక్కి జరిగి చూస్తే, మధ్యలో ఆయన గీసిన గీత ఈసారి ఎడమకు ఒరిగి ఉంది. సినిమాకే చోటెక్కువ.