అమెజాన్‌లో సిల్వర్ ఓక్

రెండేళ్లుగా సెలవులు మిగుల్చుకుంటున్నాను, మొదటిసారి పెరూ వెళ్లి మాచుపిచ్చు శిథిలాలు, అమెజాన్ అడవి చూడాలని. ఈ ఉదయం టూర్ ఏజెంటు వాటి ఫోటోలు పంపాడు. మా అరకు తోటలో కాఫీ పళ్లు కోస్తున్న పిన్నికి గొప్పగా అడవి ఫోటో చూపించాను. ఆమె ఫోన్ లాక్కుని మొహం చిట్లించింది.

“ఇదేటి అడివిరా? సిల్వరోకు సెట్లకి మిరియాల పాదులు ఎక్కించి, కింద కాఫీ ఏసినారు. ఇది మన అరకు తోట కాదేటి?”

వెంటనే ఏజెంటుకు ఫోన్ చేసి నిలదీశాను. ఏమాత్రం తడుముకోకుండా, “అడవి ఎక్కడైనా అడవే కదా సార్!” అన్నాడు.

ప్రయాణం మానను గానీ, ఇప్పుడు నాకు మాచుపిచ్చు మీద కూడా అనుమానంగా ఉంది. ఆ శిథిలాల ఫోటో కింద పెడుతున్నాను. మీ ఊరి రాళ్లేమో కాస్త చూసి చెప్పండి.