ముందు మీరు కొట్టండి

నిన్న మధ్యాహ్నం ఇక్కడ గల్ఫులో, అల్ రాయ్‌లోని మా గోడౌన్‌కు వచ్చిన లోడులో ఒక ఆపిల్ పెట్టె అడుగు నాని, చేత్తో ఎత్తగానే ఊడి వచ్చింది. కాయలు నా బూట్ల మీదుగా దొర్లిపోయాయి. అవి దొర్లితే దొర్లాయి, ఆ తడి అట్ట వాసన ముక్కుకు తగలగానే నా దవడలు వాటంతటవే బిగుసుకున్నాయి. గురువును తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయని పెద్దలు రాస్తుంటారు. నాకు మాత్రం సత్యమన్నను తలుచుకున్నప్పుడల్లా ఎవరినో ఒకరిని పట్టుకుని కడుపారా తిట్టాలనిపిస్తుంది. ఎవరిని తిట్టాలో తేల్చుకోలేక ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

సత్యమన్నది అమలాపురం పక్కన పల్లె. సులైబియాలో నేను మొదట పనిచేసిన కోల్డ్ స్టోర్‌లో ఏడో నంబర్ గది తాళం ఆయన దగ్గర ఉండేది. బయట ఎండ మనిషిని వేపుతుంటే లోపల ఆయన దుప్పటంత జాకెట్టు వేసుకుని, మీసం మీద మంచుతో తిరిగేవాడు. నేను రాయచోటి నుంచి ఫోర్క్‌లిఫ్ట్ తోలడానికి వచ్చాను. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను వదిలేశాడు, నేను బడిని వదిలేశాను, ఎవరికీ నష్టం లేదు. చదువు తక్కువైనవాడికి నోరు ఎక్కువ ఉండాలి కాబట్టి నాకు అది దండిగా ఉండేది. సత్యమన్న నాకు పూర్తిగా తిరగేసిన మనిషి. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాణ్ని నన్ను ‘సీనుగారూ’ అనేవాడు. తలుపును కూడా ‘ఆగండి’ అని నెట్టేవాడు. ఒకసారి ఫోన్లో నత్తను ‘మీరు కదలకండి’ అని బతిమాలుతుంటే విని, ఈ చలి మెదడుకు ఎక్కిందనుకున్నాను.

ఆ నత్త కథ చెప్పాలంటే ముందు ఆట గురించి చెప్పాలి. ఫోన్లో గుడ్డు పొదిగించి ఒక జంతువును పుట్టించాలి. దానికి ప్రాణం ఎంత, బలం ఎంత, వేగం ఎంత అని ఐదొందల పాయింట్లు పంచాలి. నాలుగు విద్యలు నేర్పాలి. ఆ తర్వాత అవతలివాడి జంతువు మీదికి వదలాలి. కోడిపందెం అనుకోండి, కాకపోతే రక్తం ఉండదు, పోలీసులు రారు. సత్యమన్న సెలవు మీద ఊరెళ్లినప్పుడు పదేళ్ల కూతురు ఈ ఆటను ఆయన ఫోన్లో ఎక్కించి, ఎవరూ ముట్టని బురదనత్త గుడ్డును ఏరి, దానికి ‘పూతరేకు’ అని పేరు పెట్టిందట. గిన్నె బోర్లించినట్టుండే ఆ బరువు నత్తకు అంత పలచని పేరు. ఆయన తిరిగి వచ్చాక తండ్రీ కూతుళ్లకు ఫోన్లో మాట్లాడుకోవడానికి ‘తిన్నావా’ తర్వాత మిగిలింది ఈ నత్తే.

నేనూ ఆటలోకి దిగి ఒక తొండను పెంచాను. పేరు మిరపకాయ. ఐదొందల పాయింట్లూ కొట్టే బలానికీ వేగానికీ పోశాను. మధ్యాహ్నం విరామంలో లోడింగ్ షెడ్డు నీడన దాన్ని పూతరేకు మీదికి వదిలాను. సత్యమన్న ఫోను వైపు వంగి, “ముందు మీరు కొట్టండి” అన్నాడు. కొట్టాను. నత్త చావలేదు. చావకుండా తిరిగి ఒక్కటిచ్చింది, నా మిరపకాయ తొడిమతో సహా పోయింది.

“కోపమంతా కొట్టడానికే పెట్టేత్తే నిలబడ్డానికి ఏం మిగులుద్దండీ?” అన్నాడు ఆయన, నా ఫోనును నా చేతికే అందిస్తూ.

ఆ తర్వాత పెట్టిందే నా అసలు బడి. తడిసి చిరిగిన పెట్టెల అట్టముక్కలు, ఒక నల్ల మార్కరు, ఇవే పలకా బలపం. ఏ జంతువు దేన్ని కొడితే ఎంత ప్రాణం పోతుందో ఆయన అట్టల మీద లెక్క కట్టేవాడు. ఒకటిన్నర రెట్లు, ముప్పాతిక, సగంలో సగం. మా సారు బెత్తంతో ఎక్కించలేనిది ఆయన అట్టముక్కతో ఎక్కించాడు. జంతువును తయారుచేసేవాళ్లంతా అది ఎవరిని కొట్టాలో ముందు ఆలోచిస్తారు. ఎవరి దెబ్బకు నిలబడాలో ముందు తేల్చుకోవాలన్నది సత్యమన్న పద్ధతి. అందరి దగ్గరా ఉన్నది అగ్గిపాము. అది నిప్పు ఊదితే ఎంత గట్టిగా తగిలినా రెండొందల మూడుకు మించి పోదని ఆయన తేల్చాడు. పూతరేకుకు సరిగ్గా రెండొందల నాలుగు ప్రాణం పెట్టాడు. ఇంకొంచెం పెట్టరాదా అని అడిగితే, మిగతా పాయింట్లు వేరే శత్రువుల కోసం కావాలన్నాడు. పూతరేకుకు ఒక విద్య వచ్చు, తిరుగుదెబ్బ. తిన్నదానికి రెండింతలు తిరిగిస్తుంది. ఎంత గట్టిగా తింటే అంత గట్టిగా. ఒక్క ప్రాణంతో మిగిలి నాలుగొందల ఆరు కొడితే ఏ పామైనా పడుకోవాల్సిందే.

అల్ రాయ్‌లో ఆటల దుకాణం ఒకటుంది. శుక్రవారాలు అక్కడ ఈ పోటీలు పెడతారు, ఏడాదికోసారి పెద్ద పోటీ. గెలిచినవాడి పేరు, వాడి జంతువు బొమ్మ గోడ మీద ఏడాదంతా ఉంటాయి. పూతరేకు ఆ గోడ ఎక్కుతుందని సత్యమన్న కూతురికి మాటిచ్చాడు. వరసగా నాలుగు శుక్రవారాలు గెలిచాడు. నత్త వస్తే నవ్వినవాళ్లు, వెళ్తుంటే లేచి దారిచ్చారు. పెద్ద పోటీ ఇంక నెల ఉంది.

అప్పుడు నేను నోరు తెరిచాను.

బదర్ అని మా యజమాని కొడుకు, పాతికేళ్లవాడు. వారానికోసారి వచ్చి, కారు దిగకుండా ఆఫీసు కాగితాలు తీసుకుని పోయేవాడు. పేర్లతో పని లేకుండా పనివాళ్లనందర్నీ ఇక్కడ పిలిచినట్టే, మమ్మల్నందర్నీ రఫీక్ అనే పిలిచేవాడు. ఒకరోజు కారులో అదే ఆట ఆడుతూ తన అగ్గిపామును నాకు చూపించాడు. బాగుందని ఊరుకోవచ్చు. గల్ఫులో పదేళ్లున్నవాడు ఎవడైనా ఊరుకుంటాడు. యజమాని ఎదుట మనవాడి గొప్ప చెబితే అది మనకు కూడా అంటుకుంటుందనే పిచ్చి నాది. మీ పాము తాతొచ్చినా మా సత్యమన్న నత్త ముందు వానపామేనని, ఏడో నంబర్ గది వైపు వేలు చూపించి మరీ, హిందీలో అరబ్బీ కలిపి చెప్పాను. బదర్ నవ్వాడు. నా జోకు పండిందని నేనూ నవ్వాను.

రెండ్రోజుల తర్వాత బదర్ మొదటిసారి కారు దిగాడు. ఏడో గది ముందు నిలబడి, పెద్ద పోటీలో తాను ఆడతానని, నత్తను తనకు పంపమని అడిగాడు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. ఆ వారమే సత్యమన్నను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పునరుద్ధరణ కాగితాలు వాళ్ల నాన్న టేబుల్ మీదికి వెళ్లాయి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. నేను ఫోర్క్‌లిఫ్ట్ ఆపి దిగేలోపే సత్యమన్న ఫోన్లో నత్తను పంపేశాడు. బదర్ “యల్లా, షుక్రన్ రఫీక్” అని వెళ్లిపోయాడు.

“రెండేండ్లు పెంచినావు గదన్నా, అడిగితే ఇచ్చేస్తావా? రేపు మూత్రపిండం అడుగుతాడు, అదీ పెట్టెలో పెట్టిస్తావా?” అని షెడ్డంతా వినబడేలా అరిచాను.

“ఇచ్చేశానండి. ఖలాస్,” అన్నాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేయలేదు.

నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆ కోపంలో ఎంత నిజముందో అంత మోసం కూడా ఉంది. బదర్‌కు నత్త సంగతి చెప్పింది ఎవరో నాకు తెలుసు కదా. ఆయన పిరికితనాన్ని తిడుతున్నంతసేపూ నా వాగుడును నేను తిట్టుకోనక్కర్లేదు.

పెద్ద పోటీలో బదర్ రెండో ఆటకే పోయాడు. నేను వెళ్లి చూశాను. నత్త చేతిలో ఉంది, తిరుగుదెబ్బ ఉంది, అవతల అగ్గిపామే ఉంది. కానీ తన జంతువు దెబ్బ తినడం వాడు చూడలేకపోయాడు. ప్రతిసారీ దాన్ని చిప్పలో దాచాడు, లేదంటే ముందుగా తానే కొట్టించాడు. తినని దెబ్బకు తిరుగుదెబ్బ ఏముంటుంది? మర్నాడు ఫోన్ చేసి, చెడిపోయిన సరుకు అంటగట్టావని సత్యమన్న మీద అరిచాడు. ఇఖామా కాగితాలు ఆ టేబుల్ మీదినుంచి మరి లేవలేదు. రెండు నెలల్లో ఊరికి టికెట్టు చేతిలో పెట్టారు. పదకొండేళ్లకు అదీ సెలవు.

పోయేరోజు మధ్యాహ్నం షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఆయన అట్టముక్కలన్నీ ఒక తాడుతో కట్టి ఉంచాడు.

“కావాలనే చెడగొట్టి ఇచ్చినావా అన్నా? అట్లన్నా చెప్పు, నా కడుపు చల్లబడుతుంది.”

“అయ్యో, లేదండి. మంచిదే ఇచ్చానండి. ఎలా ఆడాలో ఆయన అడగలేదండి.”

“వానికి చెప్పింది నేనే.”

“తెలుసండి. మీరు తప్ప అంత బాగా ఎవరు చెబుతారండీ?”

తిట్టినా బాగుండేది. ఫోన్ తీయమన్నాడు. నేను మాట్లాడని ఆ మూడు నెలల్లో మళ్లీ గుడ్లు పొదిగించి, అవే లెక్కలతో రెండో పూతరేకును పెంచాడట. దాన్ని నాకు పంపి, అట్టల కట్ట చేతికిచ్చాడు. “నత్తదేముందండి, లెక్క మన దగ్గరుందిగా,” అన్నాడు. ఆ ఆటలో ఒక నియమం ఉంది. జంతువు ఎన్ని చేతులు మారినా, మొదట పెంచినవాడి పేరు దాని కింద అలాగే ఉంటుంది, ఎవరూ చెరపలేరు. నా ఫోన్లో దాని కింద సత్యం అని ఉంది.

మరుసటేడు పెద్ద పోటీలో మూడో ఆటకు నాకు ఎదురుగా బదర్ వచ్చి కూర్చున్నాడు. నా ఇఖామా ఇంకా వాళ్ల నాన్న పేరు మీదే ఉంది. వాడి అగ్గిపాము నిప్పు ఊదింది. పూతరేకు ప్రాణం కరిగి కరిగి ఒకటి దగ్గర ఆగింది. తర్వాత తిరుగుదెబ్బ. దుకాణంలో ఈలలు. బదర్ కోప్పడలేదు. పెద్ద తెర మీద నత్త కింద ఉన్న పేరును చూపించి, ఈ సత్యం ఎవరు, తన దగ్గరున్న నత్త మీద కూడా ఇదే పేరుంది, వీడి నత్తలు ఎక్కడ కొనొచ్చు అని అడిగాడు.

నా దగ్గర మూడు జోకులు సిద్ధంగా ఉండేవి. ఒక్కటీ నోటిదాకా రాలేదు. మీ కోల్డ్ స్టోర్‌లో ఏడో గది తాళం పదకొండేళ్లు ఆయన దగ్గరుంది, ఆ గది ముందే మీరు నత్తను అడిగి తీసుకున్నారు, తర్వాత ఇంటికి పంపారు అని ఒక్కో మాటా ఒత్తి చెప్పాను. ఏమైనా కానీ అనుకునే చెప్పాను. వాడు నిజంగానే గుర్తు చేసుకోవాలని చూశాడు. కాసేపు కళ్లు చిట్లించి అడిగాడు.

“ఏ రఫీక్?”

నాకేమీ కాలేదు. నా ఉద్యోగం పోలేదు. కోపం రావాలన్నా ముందు మనిషి కంటికి కనిపించాలి కదా. తర్వాతి ఆటలో నేను ఓడిపోయాను, గోడ ఎక్కలేదు. ఆ తర్వాత కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చే యజమానిని, మార్చుకుని ఈ గోడౌన్‌కు వచ్చాను. అట్టల మీద నేర్చుకున్న లెక్కే నాకు స్టోర్‌కీపర్ కుర్చీ ఇచ్చింది.

ఆ పోటీ సంగతంతా సత్యమన్నకు ఫోన్లో చెప్పాను. ఆయన అంతా విని, “పామును కొట్టేటప్పటికి ఎంత మిగిలిందండీ?” అన్నాడు. ఒకటి అన్నాను. “అయితే లెక్క సరిగ్గానే ఉందండి,” అని, కూతురిని పిలిచి ఆ ఒకటి సంగతి చెప్పాడు. అటువైపు ఇద్దరూ నవ్వుతున్నారు. ఇటువైపు నేను ఫోన్ గోడకేసి కొట్టకుండా ఆపుకున్నాను. ఆయన దెబ్బ తినడం వరకే నేర్చుకున్నాడని, తిరుగుదెబ్బ సంగతి నత్తకు వదిలేశాడని నాకు ఇప్పటికీ మంట. ఆ మంట తగ్గాలని కూడా నాకు లేదు.

శుక్రవారాలు ఇప్పటికీ వెళ్తాను. పూతరేకు పెద్ద తెర మీదికి వస్తుంది, కింద సత్యం అని పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు నత్తను చూసి నవ్వుతారు. నేను మా అమ్మను కూడా ఎన్నడూ అండి అన్నవాణ్ని కాదు. అయినా పళ్లు బిగబట్టి, ఎదుటి కుర్చీలో ఎవడున్నా వాడి కళ్లలోకి చూస్తూ అంటాను.

ముందు మీరు కొట్టండి.