ఘోషా కారు కింది పగులు

నా చేతి పని వల్ల ఒక మనిషి చచ్చిపోయింది. ఇన్నేళ్లూ ఈ మాట గుండెలో రాయిలాగా మోశాను. నా భార్యకు చెప్పలేదు, ఆమె పోయింది. కొడుకులకు చెప్పలేదు. ముసలితనంలో అక్షరాలు దిద్దుతుంటే, ఇప్పుడెందుకు ఈయనకు చదువు అని ఇంట్లోవాళ్లు నవ్వారు. దీనికోసమే. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. చదువు.

నైజాం పాలన పోయిన మరుసటి ఎండాకాలం. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు మీద నాకు మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఒక పొద్దున చిలుకూరు పక్కన ఒక దొర గడీ నుంచి ఖాసీం భాయి కారు తోలుకొచ్చాడు. అతను ఆ దొర దగ్గర డ్రైవరు, నాకంటే పెద్దవాడు. అది ఘోషా కారు. దొరసాని పరాయి మగవాళ్ల కంటపడకూడదు కాబట్టి వెనక సీటు చుట్టూ, డ్రైవరు వీపు వెనకా మందపాటి పరదాలు కట్టారు. వెనక అద్దాలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ముందు అద్దం కింద గాలి కోసం ఒక మూత ఉండేది. అది తెరిస్తే డ్రైవరు మొహానికి గాలి కొడుతుంది, అంతే. పరదా దాటి వెనక్కి పోదు.

"ఏమైంది భాయ్?" అన్నాను.

"అమ్మగారికి తల తిరుగుతున్నదట. కారెక్కితే కడుపుల దేవుతున్నదట. జర సూడు తమ్మీ. మిర్యాలగూడల పెండ్లున్నది, పోవాలె."

"గన్ని పరదాలు కడితే తిరగదా? కారును కోళ్ల గంప జేసి పెడ్తిరి."

"నీ నోటికో దండం. గా మాట గడీల అంటే ఇద్దరి తోలు ఒలుస్తరు. నా దిక్కు పొగ వాసన లేదు. వెనక ఉన్నదట. ఆమె కూసున్నప్పుడు నేను పరదా ఎత్తి సూస్తనా ఏంది?"

"ఎత్తు. మల్ల నీకు తలనే ఉండది, తిరుగుడు ఏడిది?"

ఇద్దరం నవ్వాం. నవ్వుకుంటూనే నేను కారు కిందికి దూరాను. ఇంజను ఆన్ చేయించి, పొగ గొట్టం చివర తడిగుడ్డ అదిమి పట్టుకొమ్మన్నాను. పొగకు దారి మూస్తే, పగులెక్కడుందో అక్కడ బుసకొడుతుంది. బుసకొట్టింది. సరిగ్గా వెనక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోటు కింద. గొట్టం అతుకు దగ్గర వేలెడు పగులు. దాని పైన నేల చెక్కలు ఎండకు విడిపోయి సందులు పడ్డాయి. పొగ ఆ సందుల్లోంచి నేరుగా లోపలికి పోతున్నది. అద్దాలు మూసి, పరదాలు దించిన ఆ గంపలోంచి బయటికి వచ్చే దారి దానికి లేదు.

రోగం దొరికింది. మందు కూడా తెలుసు. పగులు మీద రేకు తొడుగు వేసి పట్టీలు బిగించాలి, చెక్కల సందుల్లో నార కుక్కి తారు పూయాలి. పెద్ద పనేమీ కాదు.

చేయలేదు.

ఎందుకు చేయలేదు? మరిచిపోయానా? లేదు. చేతకాకనా? కాదు. కారు కింద వెల్లకిలా పడుకొని ఆ పగులు చూస్తున్నప్పుడు నాకు మా నాయన భుజం గుర్తొచ్చింది. కారు రాకముందు అదే గడీలో ఆయన వెట్టికి మేనా మోసేవాడు. ఆ మేనాకూ పరదాలే. కర్ర ఒత్తిడికి ఆయన భుజం మీద పిడికెడు కాయ కాసింది. దగ్గుతూ, రొప్పుతూ మోసి మోసి, చివరికి ఊపిరాడకనే పోయాడు. ఒక్క పొద్దు ఆమెకు కూడా ఊపిరి ఆడకపోతే ఏమవుతుంది, వాంతి చేసుకుంటుంది, పెండ్లిలో మొహం వేలాడేసుకొని కూర్చుంటుంది, మేమెట్లా బతికామో ఆ కాసేపైనా తెలుస్తుంది అనుకున్నాను. మనిషి చస్తుందనుకోలేదు. ఇది చెప్పుకోవడానికి పనికొచ్చే మాట కాదు. పొగకు మనుషులు చస్తారని పని నేర్పిన ఉస్తాద్ నాకు చెప్పే ఉన్నాడు.

పగులు మీద బంకమట్టి మెత్తి తీగ చుట్టాను. గొట్టం చల్లగా ఉన్నంతసేపు అది నిలుస్తుంది. వేడెక్కితే ఎండి, పగిలి, దారిలోనే రాలిపోతుంది. ఖాసీం భాయి వెనక తలుపు తెరిచి వాసన చూశాడు. "సాఫ్ అయింది. నీ చెయ్యి సల్లగుండ!" అన్నాడు.

మిర్యాలగూడ పెండ్లయినాక ఖాసీం భాయి ఒక్కడే వచ్చాడు. షెడ్డు ముందు కారాపి దిగలేదు, స్టీరింగు పట్టుకొని అట్లనే కూర్చున్నాడు.

"ఈదమ్మ సచ్చిపోయింది తమ్మీ."

ఈదమ్మ ఎవరు? నోటిదాకా వచ్చిన ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది. దొరసాని పెండ్లయి గడీకి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు ఆమె వెంట పంపిన దాసి పిల్ల. ఆడబాప అంటారు. దొరసాని ఎక్కడికి పోతే అక్కడికి పోవాలి. సీటు మీద కూర్చునే హక్కు లేదు. కాళ్ల దగ్గర, కింద, ఆ చెక్కల మీద కూర్చోవాలి. దారి పొడుగైతే అక్కడే ముడుచుకొని పడుకోవాలి. ఇది నాకు తెలియనిది కాదు. అందరికీ తెలిసిందే. కారు కింద పడుకొని ఆ చెక్కలను కిందినుంచి చూస్తున్నప్పుడు, వాటి మీద ఎవరి తల ఉంటుందో నాకు తట్టలేదు. నా కోపానికి సీటు మీది మనిషే కనిపించింది.

మిర్యాలగూడలో దిగేటప్పుడు దొరసాని తూలి పడబోయిందట. డ్రైవరు వెనక పరదా అంచు ఎత్తి అప్పుడప్పుడు గాలి పీల్చింది కాబట్టి వాంతులతో బయటపడింది. నిద్రపోతున్నదనుకొని ఈదమ్మను కాలితో తట్టి లేపిందట. లేవలేదు. బుగ్గలు ఎర్రగా, పెండ్లికి ముస్తాబైనట్టే ఉన్నాయట. ఆ ఎరుపు పొగదని వాళ్లకు తెలియదు. జ్వరమన్నారు. గాలి సోకిందన్నారు. ఆ పొద్దే మట్టి చేశారు.

"నువ్వు పని సక్కగనే జేసినవు గదా?" అన్నాడు ఖాసీం భాయి. అనుమానంతో అడగలేదు. భయంతో అడిగాడు. తన తోలుడులోనే ఏదో తప్పుందేమోనని అతని భయం.

"జేసిన," అన్నాను.

ఒక్క మాట. పగులు కంటే ఇదే పెద్ద తప్పా? ఏమో. ఆ మాటతో నేను తప్పుకున్నాను, అతను ఇరుక్కున్నాడు. తర్వాత అతను కారు తోలడం మానేసి హుజూర్‌నగర్‌లో బండి కట్టుకున్నాడు. చచ్చేదాకా ఆ చావు తన వల్లనే జరిగిందనుకున్నాడని విన్నాను. పోయి చెప్పలేదు.

అతన్ని చాయ్ తాగి రమ్మని పంపి, వెనక తలుపు తీసి ఆ చెక్కల మీద పడుకున్నాను. పరదాలు దించాను. అతను ఆపకుండా పోయిన ఇంజను నడుస్తున్నది. కాసేపటికే కణతలు కొట్టుకున్నాయి, కాళ్లు నావి కానట్టయ్యాయి. తలుపు తోసుకొని మట్టిలో పడ్డాను. అప్పుడు ఇంజను ఆపి రేకు వేశాను, పట్టీలు బిగించాను, సందుల్లో నార కుక్కాను. ఖాసీం భాయి చాయ్ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. అంత చిన్న పని. ఇప్పటికీ నమ్మలేను, అంత చిన్న పని.

క్షమించమని అడగడానికి ఈదమ్మకు తల్లి ఎవరో తెలియదు, ఊరు ఏదో తెలియదు. దొరసానిని అడగనా? ఆమె ఎవరు క్షమించడానికి? నిన్ను కూడా అడగడం లేదు.

ఆ పిల్ల జ్వరంతో పోలేదు. గాలి సోకి పోలేదు. నేను చంపాను. రాశాను. రాసినాక ఊపిరి కొంచెం ఆడుతున్నది. ఆడకూడదేమో అనిపిస్తున్నది. అయినా కొట్టివేయను.